అరుణమ్మ అడిగిన బుధవారం

కరోనా రావడానికి ముందటి ఏడాది వానాకాలంలో నాకు చివరి కొలువు దొరికింది. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి ఆబిడ్స్ వైపు తిరిగే సందుల్లో ఒకదానిలో చిన్న నర్సింగ్ హోమ్. సర్కారు దవాఖానలో మత్తు వైద్యుడిగా పనిచేసి రిటైరై అప్పటికే కొన్నేళ్ళయింది. ఇక్కడ నా హోదా విజిటింగ్ అనస్థీటిస్టు. అంటే పిలిచినప్పుడు వెళ్ళాలి, పిలవనప్పుడు ఎందుకు పిలవలేదని అడగకూడదు.

ఆ నర్సింగ్ హోమ్‌లో మానసిక వైద్యం చూసే డాక్టర్ మాధురి ఒకరోజు ఫోన్ చేసింది. ఏ మాత్రకూ లొంగని కుంగుబాటు ఉన్నవాళ్ళకి కెటమిన్ ఎక్కించాలనుకుంటున్నాననీ, ఎక్కిస్తున్నంతసేపూ మత్తు వైద్యుడు పక్కన ఉండాలనీ చెప్పింది. మన ఊళ్ళో ఆ మందుని ఆ పనికి మొట్టమొదట వాడిన చేతులు ఇవేనని తర్వాత చాలా పెళ్ళి పందిళ్ళలో చేతులు చూపించి మరీ చెప్పుకున్నాను. అది అబద్ధం. గన్‌ఫౌండ్రీ వైపు ఒకాయన మాకంటే ముందే మొదలుపెట్టాడు. ఎలా చేస్తున్నారో చూసి రమ్మని మాధురి నన్ను పంపింది అక్కడికే.

మత్తు వైద్యుడి పని గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు రోగి జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. మా పేరు బిల్లులో తప్ప కనపడదు. రోగి స్పృహ తప్పే ముందు చివరిగా చూసే ముఖం మాదే, దానికీ సగం గుడ్డ అడ్డం. లేచాక పేరు చెప్పమంటాం, నాలుక చాపమంటాం, తల ఎత్తమంటాం. మూడూ చేస్తే వార్డుకి పంపేస్తాం. అక్కడితో మాకూ అతనికీ రుణం తీరిపోయినట్టే. ఇంటికెళ్ళి ఎలా ఉన్నాడో మాకు తెలియదు, తెలుసుకునే అలవాటూ లేదు.

కెటమిన్ నాకు పాత స్నేహితుడు. కాలిన ఒంటికి కట్లు మార్చాలన్నా, పిల్లల విరిగిన ఎముక సరిచేయాలన్నా సర్కారు దవాఖానలో మాకు అదే దిక్కు. మిగతా మత్తుమందులు ఊపిరిని అణగదొక్కుతాయి. ఇది మామూలు మోతాదులో ఆ పని దాదాపుగా చేయదు, బీపీని కూడా పడిపోనివ్వదు, పైగా పెంచుతుంది. రోగి కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు. తిరిగి వచ్చేటప్పుడే గొడవ. కొందరు పాడతారు, కొందరు ఏడుస్తారు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు నన్ను తన మామగారనుకుని కట్నం బాకీ గురించి చెడామడా తిట్టాడు. ఇన్‌స్పెక్టరు కాదు లెండి, హోంగార్డు. తిట్టిన మాట మాత్రం నిజం.

అందుకే మా సీనియర్లు ఒక పద్ధతి నేర్పారు. గదిలో వెలుతురు తగ్గించాలి. ట్రేలు చప్పుడు చేయకూడదు. సూది వేసే ముందు రోగి చెవి దగ్గరికి వంగి "ఎక్కడికి వెళ్ళాలనుంది?" అని అడగాలి. మనిషి ఏది తలుచుకుంటూ మత్తులోకి వెళ్తే కల అక్కడి నుంచి మొదలవుతుందని మా నమ్మకం. పిల్లలు నుమాయిష్ ఎగ్జిబిషన్ అనేవారు. పెద్దవాళ్ళు యాదగిరిగుట్ట అనో, పుట్టిల్లనో అనేవారు. జవాబు లేనివాళ్ళు నాకు అప్పటిదాకా తగల్లేదు.

అరుణమ్మ తగిలింది. యాభై దాటిన మనిషి. సుల్తాన్ బజార్‌లో భర్త జగదీశ్వర్‌తో కలిసి మ్యాచింగ్ సెంటర్ నడిపేది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సు అమ్మే కొట్టు. ఏ చీర తెచ్చి గల్లా మీద పరిచినా, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూడకుండానే వందల థానుల్లోంచి సరైనదాన్ని లాగేదట. రెండేళ్ళుగా ఆ చెయ్యి ఆగిపోయింది. కొట్టుకి రావడం మానేసింది. తర్వాత వంట, తర్వాత మాట, చివరికి తిండి. రెండు రకాల మందులు పూర్తి మోతాదులో, కావలసినన్ని వారాలు వాడినా గుణం కనపడలేదు. తలకి కరెంటు పెట్టే చికిత్స మంచిదేనని మాధురి చెప్పిచూసింది, జగదీశ్వర్ భయపడి ఒప్పుకోలేదు. ఈలోగా ఒకరోజు అరుణమ్మ మాధురితో "ఉండబుద్ధి అయితలేదు" అంది. ఆ రోజు నుంచి ఆమెను ఒంటరిగా వదలొద్దని మాధురి ఇంట్లోవాళ్ళకి కచ్చితంగా చెప్పింది. కెటమిన్ దాకా వచ్చింది ఆ పరిస్థితిలో.

మొదటి రోజు పద్ధతి ప్రకారం అన్నీ చేశాను. బీపీ పట్టీ కట్టాను, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాను, ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదని ఖాయం చేసుకున్నాను. తర్వాత వంగి అడిగాను, "ఎక్కడికి వెళ్ళాలనుందమ్మా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "యాడికీ లేదు సాబ్. ఈడ ఉండాలని గూడ లేదు."

చావుకి దగ్గరగా ఉన్నవాళ్ళు కూడా ఇంటికి పోవాలని అడగగా విన్నాను. ఈ జవాబు వినడం అదే మొదటిసారి. ఏం చేయాలో తోచక, ఇలాంటప్పుడు మా చేతులు అలవాటుగా చేసే పనే చేశాను. పీడకలలు రాకుండా కెటమిన్‌తో పాటు ఇచ్చే నిద్రమందుని సిరంజిలోకి లాగాను. మాధురి నా మణికట్టు పట్టుకుంది.

"అది వద్దు సార్," అంది. "మీ లెక్కలో ఏమీ గుర్తులేని రోగి మంచి రోగి. నా లెక్క వేరు."

ఆ రకం నిద్రమందులు కెటమిన్ చేసే మేలుని తగ్గిస్తాయేమోనని వైద్యులకి అనుమానం ఉంది. అరుణమ్మ రాత్రిపూట వేసుకునే నిద్రమాత్రని కూడా మాధురి కొన్ని వారాలుగా మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చింది. నేను సిరంజి పక్కన పెట్టేశాను. కిలో బరువుకి అర మిల్లీగ్రాము చొప్పున, నలభై నిమిషాలు పట్టేలా ఎక్కించాం. ఆపరేషన్‌కి ఇచ్చేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. రోగి నిద్రపోదు, తన ఒంటి నుంచి కొంచెం ఎడంగా జరుగుతుంది, అంతే.

బయట బెంచీ మీద కూర్చున్న జగదీశ్వర్ ఆ మందు తలకాయలో ఏం చేస్తుందని నన్ను అడిగాడు. అడిగినవాణ్ణి నేనెప్పుడూ ఖాళీ చేతులతో పంపను. ఆబిడ్స్ సర్కిల్‌ని చూపిస్తున్నట్టు గాలిలో వేలితో గుండ్రంగా గీసి మొదలుపెట్టాను. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రసాయనాల్లో అన్నిటికంటే ఎక్కువగా వాడకంలో ఉన్నది గ్లుటమేట్. రోడ్డు మీద బళ్ళలాంటిది. ఆ బళ్ళని ఆపే ట్రాఫిక్ పోలీసుల్లాంటి కణాలు వేరే ఉన్నాయి. కణాల మీద ఎన్‌ఎండీఏ అనే ద్వారాలుంటాయి, కెటమిన్ వాటిని మూస్తుంది. మొదట మూతపడేవి పోలీసు కణాల మీదివి. దాంతో వాళ్ళు కాసేపు పని మానేస్తారు.

"అంటే పోలీసోణ్ణి జరసేపు చాయ్ తాగనీకి పంపినట్టు," అన్నాడు జగదీశ్వర్.

అవునన్నాను.

"పోలీసోడు లేకుంటే ఆబిడ్స్‌ల ఏమైతదో నాకెర్క సాబ్. మీరు మంచిదంటున్నరు."

కాసేపు మాత్రమే మంచిదన్నాను. బళ్ళు ఒక్కసారిగా ఉరుకుతాయి, గ్లుటమేట్ పొంగుతుంది. ఆ పొంగు ఆంపా అనే మరో రకం ద్వారాల్లోంచి అవతలి కణాల్లోకి వెళ్ళి వాటిని లేపుతుంది. లేచిన కణం ఎరువులాంటి ఒక మాంసకృత్తిని తయారుచేసుకుంటుంది. దాని పేరు బీడీఎన్‌ఎఫ్. దీర్ఘకాలం మనాదిలో ఉన్న మెదడులో, ముఖ్యంగా నుదుటి వెనక భాగంలో, కణాల కొమ్మల మీద చిగుళ్ళు రాలిపోతాయి. ఈ ఎరువుతో అవి మళ్ళీ వేస్తాయి. మామూలు మాత్రలు సెరొటోనిన్ అనే వేరే రసాయనం దారిన నడిచి వెళ్తాయి కాబట్టి వారాలు పడుతుంది. ఇది గంటల్లో, ఒక రోజులో మొదలవుతుంది. నూటికి నూరుపాళ్ళూ ఇలాగే జరుగుతుందని ముగించాను.

జగదీశ్వర్ దండం పెట్టాడు. వెనకనుంచి అంతా విన్న మాధురి, అతను వెళ్ళాక, "ఇంత ఖాయంగా నాకు కూడా తెలీదు సార్," అంది. ఆమె మాటే నిజం. చిగుళ్ళు వేయడం చూసింది ఎలుకల మెదళ్ళలో. బతికున్న మనిషి తల కోసి చూడలేం కదా. పోలీసుల కథ ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునే కథల్లో ఒకటి, అంతే. మూతపడేది వేరే కణాల మీది ద్వారాలనీ, అసలు పని చేసేది కెటమిన్ కాదు, అది విరిగితే పుట్టే మరో పదార్థమనీ వాదించేవాళ్ళున్నారు. నేను చెప్పినదానికి 'కావచ్చు' అని తగిలించుకుని చదువుకోండి.

మొదటి సూదికి ఏమీ కాలేదు. బీపీ కాస్త పెరిగి దిగింది. ఆమె కంట్లోంచి నీళ్ళు కారాయి, కానీ ముఖం మారలేదు. ఎలా ఉందమ్మా అంటే "గట్లనే ఉంది" అంది. పని చేయలేదని మాధురితో చెప్పాను. "మీరు బల్ల మీద వెతుకుతున్నారు సార్. కనిపిస్తే ఇంటి దగ్గర కనిపించాలి," అంది. మా వృత్తిలో బల్ల దిగితే కథ అయిపోయినట్టే కాబట్టి ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు.

రెండోది శుక్రవారం, మూడోది సోమవారం. ఆ సోమవారం నేను బీపీ పట్టీ కడుతుంటే అరుణమ్మ నా ఆకుపచ్చ గౌను మోచేతి దగ్గర ఉన్న అతుకుని చూస్తూ ఉంది.

"ఎవరు కుట్టిన్రు సాబ్ ఇది?"

దవాఖాన దర్జీ అన్నాను.

"గౌను మెహందీ రంగు. ముక్క చిలకపచ్చ. కండ్లు లేనోడు కుట్టిండు."

నలభై ఏళ్ళ సర్వీసులో బల్ల మీద పడుకున్న మనిషి చేత తిట్లు తిని అంత సంతోషపడింది లేదు. మాధురి వైపు చూశాను. ఆమె పేషెంటు చార్టులో తల దూర్చేసింది.

బుధవారం సాయంత్రం జగదీశ్వర్ కొట్టు మూసుకుని నేరుగా నర్సింగ్ హోమ్‌కి వచ్చాడు. ఫిర్యాదు చేయడానికి వచ్చినట్టే ఉన్నాడు. పొద్దున్నే అరుణమ్మ చాయ్ పెట్టుకుని తాగిందట, చీర మార్చుకుని తనతో పాటు కొట్టుకి వచ్చిందట. వచ్చీ రాగానే ఈ అరలు సర్దిన మొనగాడెవరని రెండు వరుసల థానులు కింద పడేసిందట. తప్పు రంగు పట్టుకుని ఇదే కావాలని పట్టుబట్టిన ఒక గిరాకీతో, అట్లయితే వేరే దుకాణానికి పొమ్మందట. మధ్యాహ్నం మిర్చి బజ్జీలు తెప్పించుకుని అతనికి ఒకటే మిగిల్చిందట. "పొద్దుగాల్నుంచి ఒక్కటే లొల్లి సాబ్. రెండేండ్లకు లొల్లి వెట్టింది," అని చెబుతూ చెబుతూ తువ్వాలుతో ముఖం మూసుకున్నాడు.

మొత్తం ఆరుసార్లతో కోర్సు పూర్తయింది. కెటమిన్‌కి ఒక గుణం ఉంది. ఎంత తొందరగా లేపుతుందో అంత తొందరగా వదిలేస్తుంది. కొందరిలో కొన్ని రోజులు, కొందరిలో కొన్ని వారాలు నిలుస్తుంది. ఇది మాధురి ముందే చెప్పింది. నేను వినే ఉంటాను, పట్టించుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను వేరే ఆపరేషన్ ముగించి ముఖం మీది గుడ్డ తీయకుండానే బయటకు వస్తుంటే, అరుణమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆటోలో ఒక్కతే వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. మాధురి కోసం కాదు, నా కోసం వచ్చానంది.

"ఇంగొక్కపారి పెట్టుండ్రి సాబ్. మేడమ్‌కు చెప్పకుండ్రి, ఆమె ఆగమంటది."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. కారణం ఉంది. కెటమిన్‌ని ఎవరైనా తీసుకుపోకుండా తాళం వేసి ఉంచాలన్నది నియమం, ఆ తాళంచెవి అప్పుడు నా జేబులోనే ఉంది. మందు అలమారకి ఇంత దగ్గరగా బతకడం మా వృత్తికున్న శాపం. నా ఈడు మత్తు వైద్యుడొకడు, నాకంటే పనిమంతుడు, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని అడుగుతూనే పాడైపోవడం కళ్ళారా చూశాను. అతను అడిగిన తీరు, అరుణమ్మ అడిగిన తీరు నా చెవికి ఒక్కలాగే వినిపించాయి. ఆమెను కూర్చోబెట్టి, నర్సుని పక్కన ఉంచి, జగదీశ్వర్‌కి కబురు చేయించి, మాధురి గదికి వెళ్ళాను. ఆమె మందుకి మరిగింది, ఇక ఆపేయాలి అని తీర్పు చెప్పేశాను.

మాధురి రెండు వైపులా లెక్క వేసింది. మరిగి ఉంటే ఇంకో సూది వేయడం తప్పు, ఉన్న రోగానికి ఇంకో రోగం తగిలించినట్టవుతుంది. మరగకుండా కుంగుబాటే తిరిగి వస్తూ ఉంటే ఆపడం తప్పు, ఉండబుద్ధి కావడం లేదన్న చోటికే ఆమెను తిరిగి పంపినట్టవుతుంది. రెండిట్లోనూ మనిషి జుట్టు దువ్వుకోకుండా వచ్చి ఇంకోసారి అనే అంటుంది. రక్తపరీక్ష దీన్ని తేల్చదు.

"అడుగుదాం సార్," అంది చివరికి. "మీరే అడగండి. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది."

ఏమని అడగాలో నాకు తెలియదు. ఆమె ముందు కుర్చీ వేసుకుని, మాధురి తలుపు దగ్గర నిలబడగా, తోచింది అడిగాను. ఆ సూదిలో ఉన్న అరగంట అంత బాగుంటుందా అమ్మా అన్నాను.

ఆమె నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "గా అర్ధగంట ఎవలికి గావాలె సాబ్? చేతులు నాయి గానట్టు ఉంటయి. మీ మాట యాడ్నో బాయిలకెల్లి వచ్చినట్టు ఉంటది. ఎప్పుడైపోతదా అని పండ్లు గరిచి ఉంట."

"మరి ఏం కావాలి?"

"గా బుధవారం గావాలె."

నాకు అర్థం కాలేదు. ఆమెకు ఆ సంగతి తెలిసింది. నెమ్మదిగా చెప్పింది.

"గా దినం లేస్తనే చాయ్ తాగాలనిపించింది. ఎవలూ తాగు అనలే. దుకాణం పోవాలనిపించింది. ఒకామె వంకాయ రంగు చీర వట్టుకొస్తే, నేను అనుకునేలోపే చెయ్యి పోయి ముక్క గుంజింది. ఇప్పుడు మల్ల అన్ని చీరలు ఒక్కతీర్గ ఉన్నయి సాబ్. ఎన్కట గట్లున్నప్పుడు నాకు ఫికర్ లేకుండె, ఏం పోయిందో ఎర్క లేదు గద. ఇప్పుడు ఎర్కైంది. గదానికే ఏడుపొస్తుంది. ఎన్కట ఏడుపు గూడ రాకపోతుండె."

మాధురి తలుపు దగ్గరి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి నన్ను బయటకు పంపేసింది. పంపడం మంచిదే అయింది.

తర్వాత మాధురి తొందరపడి సూది వేయలేదు. జగదీశ్వర్ వచ్చాక అతన్ని విడిగా కూర్చోబెట్టి, ఇంకెక్కడైనా ఏమైనా తీసుకుంటోందా, రాత్రిళ్ళు ఎలా ఉంటోంది, తిండి ఎప్పటి నుంచి తగ్గింది అని అడిగింది. బీపీ చూసింది, మూత్రాశయం సంగతి కనుక్కుంది, ఎందుకంటే ఈ మందు ఎక్కువ కాలం మితిమీరితే దెబ్బతినేది అదే. ఆ రోజు రాత్రికి ఆమెను అక్కడే చేర్చుకుంది. మర్నాడు ఎక్కించాం. దానితో పాటు పగటి మాత్ర మార్చింది, వారం వారం కూర్చుని మాట్లాడే చికిత్స పెట్టింది. రంగులు ఒక్కతీరుగా కనపడడం మొదలైన రోజే చెప్పాలని, తిండి మానేదాకా ఆగొద్దని, ఇద్దరికీ నేర్పింది. ఆ బుధవారం అచ్చంగా అలాగే మళ్ళీ వస్తుందని మాట ఇవ్వలేననీ చెప్పింది. నేనైతే ఇచ్చేవాణ్ణి.

వచ్చింది, కానీ అంత గట్టిగా రాలేదట. అయినా ఆమె కొట్టుకి వెళ్ళింది. సూదికీ సూదికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. అంతలో కరోనా వచ్చింది. నా వయసువాళ్ళు ఆసుపత్రుల వైపు రావద్దన్నారు. తాళంచెవి మాధురికి అప్పగించాను. నా కొలువు అక్కడితో సరి.

అరుణమ్మ ఇప్పుడు ఎలా ఉందని అడిగేవాళ్ళకి, నేను తరచూ వెళ్ళి చూసి వస్తానని చెబుతుంటాను. ఒక్కసారే వెళ్ళాను. సుల్తాన్ బజార్‌లో ఆ కొట్టుకి ఎదురుగా, జనం తోసుకుంటుంటే కాసేపు నిలబడ్డాను. గల్లా వెనక ఆమె ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. లోపలికి వెళ్ళాలని చాలా అనిపించింది. గుడ్డ కట్టుకోని నా ముఖం ఆమెకి తెలియదు, నేనెవరో చెప్పాలంటే గిరాకీల ముందు ఆమె రోగం సంగతి చెప్పాలి. తిరిగి వచ్చేశాను. నాంపల్లి వైపు వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ ఆ సందులోకి తిరగాలనిపిస్తుంది. లాక్‌డౌన్‌లో ఆమె ఒకసారి బాగా కుంగిందనీ, ముందే చెప్పడం వల్ల తేరుకుందనీ మాధురి చెప్పింది. నయమైపోయిందని మాధురి అనదు, నేనూ అనను.

నేను ఆమెతో ఉన్నది సూది నడిచిన నలభై నిమిషాలే. అందుకే ఆమె కోరిక కూడా ఆ నలభై నిమిషాల మీదే అనుకున్నాను. మత్తు వైద్యుడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఇది. రోగి ఒక మందు మళ్ళీ కావాలన్నప్పుడు, మందు లోపలి సమయం కావాలా, మందు తర్వాతి రోజు కావాలా అని ముందు అడగాలి. మొదటిదైతే తాళం వేయాలి. రెండోదైతే ఆ రోజుని తెచ్చే దారులు ఎన్ని ఉంటే అన్నీ వెతకాలి, మందు వాటిలో ఒకటి మాత్రమే. అడగనంతసేపూ ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.